వేలం పాట ముగిశాక పార్సిల్ పాట్లు

(ఆన్‌లైన్ వేలాల్లో విదేశాలకు అమ్మేవారు, విదేశాల నుంచి కొనేవారి కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం. చివర్లో శ్రోతల ప్రశ్నలున్నాయి.)

అందరికీ నమస్కారమండి. ఈ హాల్లో పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మేవాళ్లున్నారు, స్టాంపులవాళ్లున్నారు, కొండపల్లి బొమ్మలు, పోచంపల్లి చీరలు పెట్టేవాళ్లున్నారు, జపాన్ నుంచి పాత కెమెరా లెన్సులు తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. సరుకు ఏదైనా గోడు ఒకటే. పాట దాకా హుషారుగా ఉంటుంది, పార్సిల్ దగ్గరికొచ్చేసరికి నీరసం వస్తుంది.

ఆ పార్సిల్ అసలు ఎందుకు ఆగుతుందో చూద్దాం. అవతలి దేశం కస్టమ్స్ మీ డబ్బాని చూడకముందే దాని గురించి నాలుగు ముక్కలు చదువుతుంది. లోపల ఏముంది, విలువ ఎంత, ఎక్కడ తయారైంది, సరుకు రకాన్ని ప్రపంచమంతా ఒకేలా గుర్తించే హెచ్ఎస్ కోడ్ ఏమిటి. ఇప్పుడు ఈ వివరాలు పార్సిల్ కన్నా ముందే కంప్యూటర్లో వెళ్తాయి. యూరప్‌లో పోస్టల్ పార్సిళ్లకు 2021 మార్చి నుంచే ఇది నియమం. కాబట్టి మీరు స్టిక్కరు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినదానికన్నా, కౌంటర్లో గుమాస్తా ఏం టైపు చేశాడన్నదే ముఖ్యం. ఆ నాలుగు ముక్కలూ లిస్టింగ్, అంటే వేలం పేజీ, పెట్టేరోజే తేలిపోవాలి. మనవాళ్లు పాట అయ్యాక, పోస్టాఫీసు కౌంటర్ ముందు నిలబడి, వెనకాల క్యూ విసుక్కుంటుంటే తేలుస్తున్నారు. తొంభై పాళ్లు చిక్కులు అక్కడే పుడుతున్నాయి.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. నాలుగు 78 ఆర్‌పీఎం రికార్డులు, పది అంగుళాలవి, షెల్లాక్‌వి, అంటే లక్కతో చేసినవి. పాత తెలుగు పాటలవే అనుకోండి. జర్మనీలో ఒకాయన పాడుకున్నాడు.

కస్టమ్స్ ఫారంలో "గిఫ్ట్ ఐటమ్స్" అని రాస్తే ఆ పార్సిల్ సంగతి అంతే. "ఓల్డ్ రికార్డ్స్" అన్నా కుదరదు. రికార్డ్స్ అంటే దస్తావేజులూ కావచ్చు కదా! "వాడిన గ్రామఫోన్ రికార్డులు, షెల్లాక్, 4 డిస్కులు, భారతదేశంలో తయారీ" అని ఇంగ్లిషులో పూర్తిగా రాయాలి. కోడ్ 8523.80. స్టాంపులకైతే 9704. అచ్చువేసిన సినిమా పోస్టర్లు 4911.91 కిందకు వస్తాయి. కుట్టని పట్టుచీర దుస్తుల్లో పడదు, పట్టు వస్త్రాల 5007లో పడుతుంది. దాంతోపాటు కుట్టిన జాకెట్టు పెట్టారా, అది వేరే అధ్యాయం, వేరే లైను రాయాలి.

కొండపల్లి బొమ్మ దగ్గర కాస్త ఆగాలి. పేరులోనే బొమ్మ ఉంది కదా అని అందరూ "టాయ్" అని రాసి 9503 వేస్తారు. అలా రాసిన క్షణం నుంచి అది పిల్లల ఆటవస్తువు. యూరప్‌లో భద్రతా ప్రమాణాల సీఈ గుర్తు ఏదంటారు, అమెరికాలో పిల్లల వస్తువుల భద్రతా పరీక్షల సర్టిఫికెట్ ఏదంటారు. తెల్లపొణికి కర్రతో చెక్కి రంగులేసిన దశావతారాల సెట్టుతో ఏ పిల్లాడూ ఆడుకోడు, అది షోకేసులో పెట్టుకునేది. కాబట్టి "చెక్క అలంకరణ ప్రతిమ, చేతిపని", కోడ్ 4420. ఇది దొంగలెక్క కాదు, వస్తువు నిజస్వరూపం అదే. కాకపోతే లిస్టింగులో మీరే "పిల్లలు ఆడుకోవడానికి చక్కని బొమ్మ" అని రాసుకుని, ఫారంలో ప్రతిమ అంటే మాత్రం ఇరుక్కుంటారు. రెండుచోట్లా ఒకే మాట ఉండాలి.

ఇక ప్యాకింగ్. షెల్లాక్ గాజు లాంటిది, వంగదు, విరుగుతుంది. ప్రతి డిస్కునీ కాగితం తొడుగులో పెట్టండి. 28 సెంటీమీటర్ల చదరపు అట్టముక్కలు ఐదు కోసుకోండి. డిస్కు పాతిక సెంటీమీటర్లే కాబట్టి అంచు చుట్టూ అట్ట ఒకటిన్నర సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. అట్ట, డిస్కు, అట్ట, డిస్కు అని పేర్చుకుంటూ, అట్టలోని గీతలు ఒకటి నిలువు, తర్వాతది అడ్డం వచ్చేలా తిప్పండి. అన్నీ ఒకే దిక్కున ఉంటే కట్టంతా ఆ గీత వెంబడే వంగి, లోపల డిస్కు పుటుక్కుమంటుంది. కట్టని ఊపితే చప్పుడు రాకూడదు. అలాగని టేపు బిగించి నొక్కకూడదు కూడా. పైన రెండు చుట్లు బబుల్ ర్యాప్. ఇప్పుడు కట్ట 30 × 30 × 6 సెంటీమీటర్లు అవుతుంది.

దాన్ని పెద్ద పెట్టెలో, చుట్టూ 5 సెంటీమీటర్ల మెత్త ఉండేలా పెడితే పెట్టె 40 × 40 × 16. కొరియర్ వాళ్లు సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తారు. 25,600 బై 5000, అంటే 5.12. అరకిలో మెట్టు లెక్కన 5.5 కిలోలకు బిల్లు. తక్కెడలో పెడితే రెండు కిలోలుంటుందో లేదో! అదే మెత్త 3 సెంటీమీటర్లకు తగ్గిస్తే పెట్టె 36 × 36 × 12, లెక్క 3.11, బిల్లు 3.5 కిలోలకు. రెండు సెంటీమీటర్ల స్పాంజికి రెండు కిలోల చార్జీ అన్నమాట. షెల్లాక్‌కి నేనైతే 5 సెంటీమీటర్లే అంటాను, కానీ ఆ ఖర్చు లిస్టింగులో ముందే రాసి ఉండాలి. వినైల్ ఎల్పీ రికార్డుకి 3 చాలు. దానికి ఇంకో జాగ్రత్త ఉంది. డిస్కుని కవర్లోంచి తీసి కవరు పక్కనే పెట్టండి. లోపలే ఉంచితే దారిలో కుదుపులకు డిస్కు అంచు కవరు కుట్టుని చీలుస్తుంది. కలెక్టరుకు ఆ కవరే సగం విలువ.

ప్యాకింగుకి గడ్డి వాడొద్దు. మన దగ్గర మామిడిపళ్లకి అలవాటే గానీ ఆస్ట్రేలియాలో క్వారంటైన్ వాళ్లు గడ్డిపోచ చూస్తే పార్సిల్ పక్కన పెట్టేస్తారు. పెద్ద విగ్రహానికి చెక్కపెట్టె చేయిస్తే, 6 మిల్లీమీటర్లు దాటిన ముడి చెక్కకు ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే పురుగులు పోయేలా శుద్ధి చేశారనే గుర్తు, కావాలి. వేడితో శుద్ధి చేస్తే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి అరగంట తగలాలి. ప్లైవుడ్‌కి ఆ బెడద లేదు.

ఇప్పుడు విలువ సంగతి. జర్మనీ ఆయనే మీ దగ్గర మూడు వేలాలు గెలిచాడు. 62 యూరోలు, 55 యూరోలు, 48 యూరోలు. "అన్నీ కలిపి ఒకే డబ్బాలో పంపండి, షిప్పింగ్ కలిసొస్తుంది" అంటాడు. అడిగేది న్యాయంగానే ఉంటుంది, మనమూ సరేనంటాం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేది ఇక్కడే.

2021 జులై 1 నుంచి యూరప్‌లో చిన్న పార్సిళ్లకు వ్యాట్ మినహాయింపు తీసేశారు. అంతకుముందు 22 యూరోల దాకా ఉండేది. దాని బదులు ఐఓఎస్ఎస్ అనే వ్యాట్ వసూలు పద్ధతి పెట్టారు. సరుకు విలువ 150 యూరోలు దాటకపోతే ఈబే లాంటి వేదికే కొనేవాడి దగ్గర వ్యాట్ వసూలు చేసి కట్టేస్తుంది, ఇంటి దగ్గర మళ్లీ కట్టక్కర్లేదు. మూడు వేలాలకూ విడివిడిగా డబ్బు కట్టాడు, వ్యాట్ పోయింది. మీరు మూడూ ఒక డబ్బాలో పెట్టారు, విలువ 165 అయింది. 150 దాటిన పార్సిల్‌కి ఐఓఎస్ఎస్ చెల్లదు. కస్టమ్స్ మళ్లీ వ్యాట్ అడుగుతుంది. కట్టిన వ్యాట్ వెనక్కి తెచ్చుకోవడానికి ఆయన తిరగాలి, ఆ కోపమంతా మీ రేటింగు మీద పడుతుంది. విడివిడిగా పాడుకున్నవి విడివిడిగానే పంపితే వేర్వేరు పార్సిళ్లే. ఒకే ఆర్డరుని రెండు డబ్బాల్లోకి విడగొట్టి పరిమితి తప్పించుకోవడం మాత్రం తప్పు.

అదే చోట ఇంకో మెలిక. ఆ 150లో షిప్పింగ్ కలవదు, బిల్లులో విడిగా చూపితేనే. "ఫ్రీ షిప్పింగ్" పెట్టారనుకోండి, 130 యూరోల వస్తువుకి 30 యూరోల రవాణా కలిపి 160 అన్నారు. ఇప్పుడది 160 యూరోల వస్తువే. యూరప్‌కి అమ్మేవాళ్లు పరిమితికి దగ్గరగా ఉన్న వస్తువులకి ఫ్రీ షిప్పింగ్ అనే మాట మానేయడం మేలు.

ఐఓఎస్ఎస్ నంబరు ఐఎం అక్షరాలతో మొదలై పది అంకెలుంటుంది. ఆర్డరు వివరాల్లో వేదిక ఇస్తుంది. దాన్ని డబ్బా మీద రాస్తే లాభం లేదు, బుకింగ్ డేటాలో ఎక్కాలి. పోస్టాఫీసులోనైనా కొరియర్‌లోనైనా ఆ గడి నింపారో లేదో తెర మీద చూసి మరీ రసీదు తీసుకోండి. అది ఖాళీగా పోతే కొనేవాడు రెండోసారి కడతాడు. బ్రిటన్‌లో ఇదే పద్ధతి 2021 జనవరి నుంచి ఉంది, అక్కడ పరిమితి 135 పౌండ్లు, వ్యాట్ 20 శాతం. ఆస్ట్రేలియాలో 1000 ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు వస్తువులకి జీఎస్టీ 2018 జులై నుంచి వేదికే తీసుకుంటోంది. జర్మనీకి ఇంకోటి, ప్యాకింగ్ అట్టకి కూడా లూసిడ్ అనే ప్యాకింగ్ రిజిస్టర్లో అమ్మేవాడి పేరుండాలి. చాలామంది చిన్న అమ్మకందారులు జర్మనీని లిస్టింగులోంచి తీసేసింది ఇందుకే.

అమెరికా కథ వేరు. 2016 నుంచి 800 డాలర్ల దాకా సుంకం లేకుండా సరుకు పోయేది. మన చిన్న అమ్మకందార్లందరూ ఆ గొడుగు కిందే పెరిగారు. 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ ఆ గొడుగు మూశారు. అంతకు నాలుగు రోజుల ముందు, ఆగస్టు 25న, మన తపాలా శాఖ అమెరికాకి సరుకుల బుకింగ్ ఆపేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది అప్పటికి తేలలేదు మరి. అక్టోబరు 15న తిరిగి మొదలైంది, సుంకం బుకింగ్ దగ్గరే కట్టే పద్ధతిలో. రేట్ల మాట ఈరోజు చెబితే రేపటికి పాతబడొచ్చు, బుక్ చేసేరోజు చూసుకోండి. పట్టుకోవాల్సింది పద్ధతిని. ఇప్పుడు అమెరికా సుంకం ముందుగా పోయేది పంపేవాడి జేబులోంచి. వేలంలో పాట ఎంతకి తెగుతుందో మీకు తెలియదు, సుంకమేమో తెగిన ధరలో శాతం. అందుకే మొదటి ధర పెట్టేటప్పుడే ఆ శాతాన్ని కలుపుకోవాలి. పాట అయ్యాక "ఇంకో 20 డాలర్లు పంపండి" అంటే వేదిక నిబంధనలు ఒప్పుకోవు.

రెండు విషయాలు అమెరికా వైపు బాగా పనికొస్తాయి. ఒకటి, సుంకం వస్తువు తయారైన దేశాన్ని బట్టి. మీరు విజయవాడ నుంచి పంపినా, పాత జపాన్ గడియారం జపాన్‌దే. "ఇండియా" అని అలవాటుగా రాసేయకండి. రెండు, 2025లో వేసిన అదనపు సుంకాల నుంచి పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, పోస్టర్లు, ఫొటోలు, కళాఖండాల వంటి సమాచార సామగ్రిని మినహాయించారు. మన రికార్డులాయనకి ఇది పెద్ద ఊరట. కానీ ఫారంలో "ప్లాస్టిక్ డిస్కులు" అని ఉంటే ఆ మినహాయింపు దక్కదు. మళ్లీ ఆ నాలుగు ముక్కల దగ్గరికే వచ్చాం చూడండి.

అసలు పంపకూడనివి కొన్నున్నాయి. పురావస్తువుల చట్టం, 1972 ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం, శిల్పం, చిత్రం, చేతిపని వస్తువు వంటివి మామూలు మనిషి దేశం దాటించకూడదు. రాతప్రతులకైతే 75 ఏళ్లే, అందులో తాళపత్రాలూ వస్తాయి. అతిక్రమిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ఈ నూరేళ్లు ఏటా జరుగుతుంటాయి, అదీ తిరకాసు. నిజాం నాణేలనే తీసుకోండి. చార్మినార్ బొమ్మ ఉన్న ఏడో నిజాం నాణెం చూసి "ఇది 1948 దాకా నడిచిందే కదా" అనుకుంటాం. దాని మీది హిజ్రీ సంవత్సరం చదవాలి. 1344 అని ఉంటే క్రీస్తుశకంలో 1925–26. ఆ అంకెలు ఉర్దూలో ఉంటాయి కాబట్టి నాలుగు అంకెలు నేర్చుకోవడం పెద్ద పనేం కాదు. వయసు విషయంలో అనుమానముంటే పురావస్తు శాఖ నుంచి "ఇది పురావస్తువు కాదు" అనే సర్టిఫికెట్ తీసుకుని పంపండి. దంతం, నెమలీకలు, పాముచర్మం, ఎర్రచందనం జోలికి వెళ్లకండి. పాత కెమెరా, టేప్‌రికార్డర్ అమ్మితే బ్యాటరీ తీసేసి, తీసేశామని ఫారంలో రాయండి.

మన వైపు కాగితాల గురించి పొడిగా చెప్పేస్తాను. పాన్ మీద ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్, తీసుకోండి, ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య అప్‌డేట్ చేయకపోతే అది పనిచేయకుండా పోతుంది, మనవాళ్లు మర్చిపోయేది ఇదే. జీఎస్టీ ఉంటే ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ, అంటే పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేయడానికిచ్చే హామీపత్రం, కొత్తగా వేసుకోండి. పోస్టులో పంపితే 2022లో మొదలైన డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాల పోర్టల్‌లో ఇంట్లోనే కూర్చుని పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్, అంటే పీబీఈ, నింపి లేబుల్ ముద్రించుకోవచ్చు. గుమాస్తా టైపు చేసే తప్పుల బెడద అక్కడితో పోతుంది. కొరియర్లో అయితే సీఎస్‌బీ-5 అనే ఎగుమతి పత్రం కింద పంపమని అడగండి. సీఎస్‌బీ-4 అనేది శాంపిళ్లకీ గిఫ్టులకీ. చవగ్గా ఉందని దాని కింద అమ్మకపు సరుకు పంపితే, కాగితం మీద మీరు ఎగుమతి చేయనట్టే లెక్క.

ట్రాకింగ్ నంబరు వేదికలో ఎక్కించేటప్పుడు ఒక్క అంకె తప్పితే "వస్తువు రాలేదు" అనే కేసులో మీరు ఓడిపోతారు. పోస్టు నంబరుకి సొంత తనిఖీ అంకె ఉంటుంది, చూడండి. ఈఈ 123456785 ఐఎన్ అనుకుందాం. మొదటి ఎనిమిది అంకెల్ని వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడితే 204. పదకొండుతో భాగిస్తే శేషం 6. పదకొండులోంచి ఆరు తీస్తే 5, అదే చివరి అంకె. తీసివేత 10 వస్తే సున్నా వేయాలి, 11 వస్తే 5 వేయాలి. కొనేవాళ్లకీ ఇది పనికొస్తుంది. ఎవరైనా అంకెలు కల్పించి ఇస్తే చాలాసార్లు ఇక్కడే దొరికిపోతారు. 750 డాలర్లు, ఆపైన అమ్మకానికి ఈబే సంతకంతో డెలివరీ అడుగుతుంది. ఆ సేవ లేకుండా పంపకండి.

ఇక కొనేవాళ్లు. జపాన్ వేలంలో లెన్సు చూసి ముచ్చటపడ్డారు. పాట పాడేముందు వెనక నుంచి లెక్క వేసుకోండి. మన కస్టమ్స్ సుంకం వేసేది వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు, ధర, రవాణా, బీమా మూడింటి మొత్తం మీద. రవాణా ఎంతో కాగితంలో లేకపోతే ధరలో 20 శాతం అనుకుంటారు, బీమా 1.125 శాతం అనుకుంటారు. రవాణా ఖర్చు నిజానికి తక్కువైతే ఇన్వాయిస్‌లో రాయించుకోవడమే మీకు లాభం. ఆ మొత్తంపై మూల సుంకం, ఆ సుంకంపై పది శాతం సెస్సు, అన్నీ కలిపినదానిపై ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. పన్ను మీద పన్ను కాబట్టి రేట్లు ఊరికే కూడితే లెక్క తప్పుతుంది.

అంతకన్నా పెద్ద మెలిక ఒకటుంది. మన విదేశీ వాణిజ్య విధానంలో వాడిన వస్తువుల దిగుమతి నియంత్రిత జాబితాలో ఉంది, అనుమతి కావాలి. వేలంలో దొరికేవి ఎక్కువగా వాడినవే! ఒక్కోసారి చూసీచూడనట్టు వదిలేస్తారు, ఒక్కోసారి ఆపేస్తారు. ఖరీదైన లెన్సు మీద ఆ పందెం కాయాలో వద్దో మీ ఇష్టం, కానీ తెలిసి కాయండి. "గిఫ్ట్ అని రాయించుకుంటా" అంటారు కొందరు. 2019 డిసెంబరు 12 నుంచి రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప గిఫ్టు పేరుతో సుంకం లేకుండా పోస్టులో గానీ కొరియర్‌లో గానీ తెప్పించుకోవడం నిషేధం. విదేశీ ఆటబొమ్మలకైతే 2021 జనవరి నుంచి మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు కావాలి. పార్సిల్ మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకి కూడా కేవైసీ ఆగుతుంది, మన తెలుగు పేర్లకి ఇది రోజూ ఉండే తద్దినం.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్యగారింటికి తెప్పించి, వాళ్లు వచ్చేటప్పుడు తెమ్మంటే పోలేదా అంటారు. ఆ రాష్ట్రపు సేల్స్ ట్యాక్స్ పడుతుంది. పైగా అక్కడ డెలివరీ అయ్యాక ఇంకో చోటికి పంపిన వస్తువుకి ఈబే మనీబ్యాక్ హామీ వర్తించదు. పెట్టె విప్పి, వస్తువు ఫొటోలు తీసి ఆ రోజే పంపమని అన్నయ్యగారికి చెప్పండి, లోపముంటే అక్కడే తేలాలి.

ప్రశ్న: కొన్నవాళ్లే విలువ తగ్గించి రాయమంటే ఏం చేయాలండీ? 60 డాలర్ల వస్తువు 15 అని రాయమంటారు.

వద్దనండి, మర్యాదగా, వేదిక మెసేజుల్లోనే. రికార్డు ఉండాలి. 15 అని రాస్తే పార్సిల్ పోయినప్పుడు బీమా 15కే వస్తుంది. బ్యాంకుకి 60 వస్తుంది, పీబీఈలో 15 ఉంటుంది, ఆ తేడాకి సమాధానం మీరే చెప్పాలి. అవతల కస్టమ్స్‌వాళ్లు వేలం పేజీ తెరిచి ధర చూడటం ఎంతసేపు? లిస్టింగులోనే ముందుగా "ఇన్వాయిస్‌లో పాట ధరే ఉంటుంది" అని ఒక వాక్యం పెట్టేస్తే ఈ బేరాలు చాలావరకు రావు.

ప్రశ్న: పార్సిల్ అక్కడ ఎవరూ తీసుకోక తిరిగొచ్చిందండీ. నా వస్తువుకే నన్ను దిగుమతి సుంకం కట్టమంటున్నారు!

అడుగుతారు. తిరిగొచ్చినా అది దిగుమతే. మూడేళ్ల లోపు అదే వస్తువు తిరిగొస్తే మినహాయింపు ఉంది, కానీ అది మీరు పంపినదేనని మీరే చూపించాలి. పీబీఈ గానీ సీఎస్‌బీ-5 గానీ ఉంటే చూపిస్తారు. సీఎస్‌బీ-4లో గిఫ్టని పంపినవాళ్లకి చూపించడానికేం ఉండదు. అందుకే పంపేముందు రికార్డు లేబుల్ మీది నంబరు కనిపించేలా ఒక ఫొటో తీసి, ఆ నంబరుని ఇన్వాయిస్‌లో రాయండి. "పాత రికార్డులు 4" అని ఉంటే అధికారి ఏ నాలుగని అడుగుతాడు. నాలుగు నంబర్లూ ఇన్వాయిస్‌లో ఉంటే, డబ్బా విప్పి సరిచూసి వదిలేస్తాడు.